వరికి రక్ష, రొయ్యకు శిక్ష

జెనీవాలో లెమాన్ సరస్సు ఒడ్డున ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ భవనంలో వివాద పరిష్కార మండలి దాదాపు నెలకొకసారి సమావేశమవుతుంది. ఆ సమావేశపు ఎజెండాలో ఏళ్ల తరబడి ఒక అంశం మారకుండా వస్తోంది. వాణిజ్య వివాదాల తీర్పులపై అప్పీళ్లు వినే, ఇప్పుడు ఖాళీగా పడి ఉన్న అప్పిలేట్ బాడీకి సభ్యులను ఎంపిక చేసే ప్రక్రియ మొదలుపెట్టాలంటూ సుమారు 130 దేశాల తరఫున ఒక ప్రతినిధి ప్రతిపాదన చదువుతారు. తమ అభ్యంతరాలు తీరలేదు కాబట్టి ఒప్పుకోలేమని అమెరికా ప్రతినిధి చెబుతారు. కొన్ని దేశాలు విచారం వ్యక్తం చేస్తాయి, అధ్యక్ష స్థానంలో ఉన్నవారు తరువాతి అంశానికి వెళ్లిపోతారు. ఈ తంతు ఇప్పటికి 80 సార్లు దాటింది.

130 దేశాలు ఔనంటుంటే ఒక్క దేశం కాదన్నందుకు పని ఆగిపోవడం చూసేవారికి అన్యాయంగానే కనిపిస్తుంది. అయితే అమెరికా ఇక్కడ ఏ నియమాన్నీ ఉల్లంఘించడం లేదన్నది ఇబ్బందికరమైన నిజం. ఏకాభిప్రాయం అనే అదే నియమాన్ని పట్టుకుని 2014లో భారతదేశం దాదాపు ఒంటరిగా నిలబడి, మిగతా ప్రపంచం కోరిన ఒప్పందాన్ని నెలల తరబడి ఆపింది. ఆ పట్టుదల ఫలితం మన ధాన్యం కొనుగోలు కేంద్రాలకు నేటికీ అక్కరకొస్తోంది. అమెరికా పట్టుదల ఫలితాన్ని మాత్రం భీమవరం పరిసరాల్లోని రొయ్యల రైతు మోస్తున్నాడు. ప్రపంచ వ్యవస్థ మారుతోందని, నియమాల కాలం పోయి బలం కాలం వస్తోందని రోజూ వింటున్నాం. ఆ మార్పు ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే ఈ ఒక్క నియమం రెండు పంటల విషయంలో ఎలా పనిచేసిందో చూడాలి.

ముందుగా నియమం సంగతి. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఏకాభిప్రాయం అంటే అందరూ చేతులెత్తి సమ్మతించడం అని అర్థం కాదు. నిర్ణయం తీసుకునే సమావేశానికి హాజరైన దేశాల్లో ఏ ఒక్కటీ లాంఛనంగా అభ్యంతరం చెప్పకపోతే అది ఏకాభిప్రాయం. మౌనం అర్ధాంగీకారమని మనవాళ్లు అంటారు కానీ జెనీవాలో మౌనం పూర్ణాంగీకారం. గైర్హాజరు కూడా అంతే. ఏకాభిప్రాయం కుదరని చోట ఓటింగు పెట్టుకోవచ్చని సంస్థ మూల ఒప్పందంలోనే ఉంది. అయినా ఎవరూ ఆ జోలికి పోరు. ఓటుకు ఓటు లెక్కపెడితే 166 సభ్యదేశాల్లో అధిక సంఖ్యలో ఉన్న వర్ధమాన దేశాలదే పైచేయి అవుతుందని పెద్ద దేశాలకు భయం, ఓడిన పెద్ద దేశం సంస్థనే వదిలి పోతుందేమోనని చిన్న దేశాలకు భయం. అందుకే ఓటింగు అధికరణం కాగితం మీదే ఉండిపోయింది.

1995కు ముందు, సుంకాలు, వాణిజ్యంపై అంతకు ముందున్న గాట్ ఒప్పందం నడిచిన కాలంలో, ఈ నియమం వివాదాల తీర్పులకు కూడా వర్తించేది. ఒక దేశం మీద మరో దేశం ఫిర్యాదు చేస్తే నిపుణుల ప్యానెల్ విచారించి నివేదిక ఇచ్చేది. ఆ నివేదిక అమలుకు రావాలంటే సభ్యులందరి ఏకాభిప్రాయం కావాలి, ఆ అందరిలో ఓడిపోయిన దేశమూ ఉండేది. ముద్దాయి సంతకం పెడితే తప్ప శిక్ష పడని కోర్టు ఎలా నడుస్తుందో అదీ అలాగే నడిచింది. 1947లో గాట్ మీద సంతకాలు చేసిన 23 దేశాల్లో భారత్ ఒకటి కాబట్టి ఈ ముచ్చట మనకు మొదటి నుంచీ తెలిసినదే.

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు ఈ ఏర్పాటును తలకిందులు చేశారు. ప్యానెల్ తీర్పును తిరస్కరించాలంటేనే ఇక ఏకాభిప్రాయం కావాలి, అంటే గెలిచిన దేశం కూడా తన గెలుపు వద్దనాలి. అది జరిగే పని కాదు కాబట్టి తీర్పు దానంతట అదే అమలులోకి వచ్చినట్టే. ఇంత కఠినమైన తీర్పులో పొరపాటు దొర్లితే దిద్దే చోటు ఉండాలని, పైన ఏడుగురు సభ్యుల అప్పిలేట్ బాడీని పెట్టారు. ఒక్కో సభ్యుని పదవీకాలం నాలుగేళ్లు, మరొక్కసారి పొడిగించవచ్చు, ఒక్కో కేసును ముగ్గురు వింటారు. అప్పీలు తేలేదాకా ప్యానెల్ తీర్పు అమలుకు రాదు. ఆ అప్పిలేట్ సభ్యులను నియమించే చోట మాత్రం పాత ఏకాభిప్రాయ నియమాన్నే అట్టే పెట్టారు. ఇంటికంతా ఇనుప తలుపులు బిగించి పెరటి గుమ్మాన్ని గడియ లేకుండా వదిలినట్టయింది.

ఈ కోర్టు మనకు ఏమిచ్చిందో రొయ్య కథలో బాగా కనిపిస్తుంది. సముద్రపు తాబేళ్లు వలల్లో చిక్కి చనిపోకుండా తప్పించుకునే పరికరం లేని పడవలు పట్టిన రొయ్యలను రానివ్వబోమని అమెరికా ఆంక్ష పెడితే, భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి జెనీవాకు ఎక్కాయి. 1998 అక్టోబరులో అప్పిలేట్ బాడీ తీర్పు చెప్పింది. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం తప్పు కాదని, అయితే కరీబియన్ దేశాలకు మూడేళ్ల గడువు ఇచ్చి ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇవ్వడం వివక్ష అని తేల్చింది. అమెరికా చట్టాన్ని మార్చలేదు, అమలు చేసే పద్ధతిని మార్చుకుంది. తాబేలు మన తీరానికి కొత్త జీవి కాదు, ఆలివ్ రిడ్లీలు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తూనే ఉంటాయి. ఆ తీర్పులో న్యాయం రెండు పక్షాలకూ పంచినట్టుంటుందని, అందుకే అది నిలిచిందని నా అభిప్రాయం.

రెండో కేసు ఇంకా సూటిగా మన చెరువు గట్టుకే తగులుతుంది. భారత్ సహా ఆరు దేశాల రొయ్యల మీద అమెరికా 2005 ఫిబ్రవరిలో యాంటీ డంపింగ్ సుంకాలు, అంటే స్వదేశపు ధర కంటే చవగ్గా అమ్ముతున్నారన్న ఆరోపణతో వేసే సుంకాలు, వేసింది. సుంకంతో సరిపెట్టకుండా దిగుమతిదారు అదనంగా ఒక పూచీ బాండు కూడా ఇవ్వాలని కస్టమ్స్ శాఖ షరతు పెట్టింది. లెక్క ఇలా ఉంటుంది: ఒక దిగుమతిదారు క్రితం ఏడాది 5 కోట్ల డాలర్ల రొయ్యలు తెప్పించాడనుకుందాం, సుంకం రేటు 10 శాతమనుకుందాం. సరుకు దిగినప్పుడల్లా సుంకం కింద నగదు డిపాజిట్ కట్టడమే కాకుండా, 50 లక్షల డాలర్లకు బాండు కూడా చూపాలి. ఒకే సుంకానికి రెండుసార్లు డబ్బు ఇరుక్కుపోతుంది. ఆ బరువు అమెరికాలో ఆగదు. దిగుమతిదారు ఎగుమతి కంపెనీకి ధర తగ్గిస్తాడు, కంపెనీ ప్రాసెసింగ్ ప్లాంటు దగ్గర తగ్గిస్తుంది, చివరికి పట్టుబడి రోజున చెరువు గట్టు మీద కాటా దగ్గర 50 కౌంటుకు ఇంత, 100 కౌంటుకు ఇంత అని చెప్పే రేటులో అది తేలుతుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అన్ని కౌంటు. మేత, కరెంటు, ఏరియేటర్ల ఖర్చు కౌంటుతో సంబంధం లేకుండా అప్పటికే అయిపోయి ఉంటుంది. భారత్, థాయిలాండ్ ఈ బాండుపై వేర్వేరుగా ఫిర్యాదు చేశాయి. అలాంటి పూచీ సహేతుకం కాదని 2008 జులైలో అప్పిలేట్ బాడీ తేల్చింది, మరుసటి ఏడాది అమెరికా ఆ షరతును ఎత్తేసింది.

అమెరికాకు ఈ కోర్టు మీద కోపం పెరగడానికి కారణమైన తీర్పుల్లోనూ రొయ్య ఉంది. డంపింగ్‌ను లెక్కగట్టడంలో అమెరికా వాణిజ్య శాఖ ‘జీరోయింగ్’ అనే పద్ధతి వాడేది. ఒక ఎగుమతిదారు ఒక కంటైనరును స్వదేశపు ధర కంటే కిలోకు 20 రూపాయలు తక్కువకు, రెండో కంటైనరును 20 రూపాయలు ఎక్కువకు అమ్మాడనుకోండి. రెండూ కలిపి చూస్తే డంపింగ్ ఏమీ లేదు. జీరోయింగ్‌లో రెండో కంటైనరు లెక్కను సున్నాగా చూపుతారు కాబట్టి మొదటి కంటైనరు తేడా ఒక్కటే మిగిలి, సగటున కిలోకు 10 రూపాయల డంపింగ్ పుట్టుకొస్తుంది. ఈక్వడార్, థాయిలాండ్, వియత్నాం రొయ్యల కేసుల్లో ఈ లెక్క చెల్లలేదు, ఇతర సరుకుల కేసుల్లో అప్పిలేట్ బాడీ దీన్ని పదేపదే కొట్టేసింది. తాము సంతకం చేసిన ఒప్పందంలో జీరోయింగ్ నిషేధమని ఎక్కడా స్పష్టంగా రాసి లేదని, కోర్టు లేని నియమాన్ని పుట్టిస్తోందని అమెరికా వాదించింది.

ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. 90 రోజుల్లో తేల్చాల్సిన అప్పీళ్లు ఏడాది దాకా సాగిన మాట, పదవీకాలం ముగిసిన సభ్యులు పాత కేసులు వింటూ కొనసాగిన మాట, పాత తీర్పులకు చట్టంతో సమానమైన బరువు ఇచ్చిన మాట వాస్తవమే. వీటిని చర్చించి సవరించుకునే దారులు ఉన్నాయి. అమెరికా మాత్రం గడియ లేని పెరటి గుమ్మాన్ని ఎంచుకుంది. 2016లో ఒబామా ప్రభుత్వం దక్షిణ కొరియా సభ్యుని పునర్నియామకాన్ని అడ్డుకుంది, 2017 నుంచి ట్రంప్ ప్రభుత్వం ఏ నియామకాన్నీ సాగనివ్వలేదు, తరువాత వచ్చిన బైడెన్ ప్రభుత్వమూ అదే పద్ధతి పాటించింది. కాబట్టి దీన్ని ఒక అధ్యక్షుని విపరీత ధోరణిగా చెప్పుకోవడం సరికాదు. 2019 డిసెంబరు 10న భారతీయుడైన ఉజల్ సింగ్ భాటియా, అమెరికాకు చెందిన థామస్ గ్రాహం పదవీకాలాలు ముగిశాయి. కేసు వినడానికి ముగ్గురు కావాలి, మిగిలింది ఒక్కరు. ఆ ఒక్కరి గడువూ 2020 నవంబరు 30తో తీరిపోయింది. ఏ దేశమూ సంస్థను వీడలేదు, ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదు, క్యాలెండరు తిరిగింది అంతే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అని మన పెద్దలు అడుగుతారు. ఇక్కడ నిప్పు పెట్టే పని కూడా లేకుండా పోయింది.

ఇప్పుడు వరి వైపు వద్దాం. యాసంగి కోతల సమయంలో తెలంగాణలో ఏ కొనుగోలు కేంద్రానికి వెళ్లినా కల్లంలో ధాన్యం ఆరబోసి, టార్పాలిన్లు చుట్టి పెట్టుకుని, తేమ యంత్రం 17 శాతం దాటి చూపించకూడదని ఎదురుచూసే రైతులు కనిపిస్తారు. తేమ ఆ గీత దాటితే కాంటా పెట్టరు. అక్కడ తూచిన ధాన్యంలో చాలా భాగం మిల్లింగ్ తరువాత భారత ఆహార సంస్థకు చేరి, రేషన్ బియ్యంగా దేశమంతా వెళుతుంది. 2025–26 సీజనుకు సాధారణ రకం వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఈ ధరకు జెనీవాలో ఏం పని అని అడగవచ్చు. ఉంది, పైగా అది చాలా వింత లెక్క.

ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం ప్రకారం, ఒక వర్ధమాన దేశం ఒక పంటకు ఇచ్చే ధర మద్దతు ఆ పంట మొత్తం విలువలో 10 శాతం దాటకూడదు. ప్రభుత్వం మద్దతు ధరకు ధాన్యం కొని నిల్వ చేస్తే, ఆ ధరకూ ఒక ‘ప్రామాణిక ధర’కూ మధ్య ఉన్న తేడా మొత్తాన్ని సబ్సిడీగా లెక్కగడతారు. ఆ ప్రామాణిక ధర నేటి అంతర్జాతీయ ధర కాదు. 1986–88 నాటి సగటు ధర దగ్గరే దాన్ని మేకు కొట్టి నిలిపారు. మధ్యలో గడిచిన మూడున్నర దశాబ్దాల ద్రవ్యోల్బణాన్ని పెద్దగా పట్టించుకోకుండా మన మద్దతు ధరను ఆ పాత ధరతో పోలుస్తారు. మనవడి జీతాన్ని తాత జీతంతో పోల్చి, మిగిలినదంతా అక్రమార్జన అన్నట్టుంటుంది. 2018–19లో వరి ఉత్పత్తి విలువ 4,367 కోట్ల డాలర్లు, మద్దతు 500 కోట్ల డాలర్లు అని భారత్ తెలియజేసింది. అంటే 11 శాతం పైనే, గీత దాటిపోయింది.

గీత దాటినా కేసు పడకుండా ఆపుతున్నది 2013 డిసెంబరులో ఇండోనేసియాలోని బాలి మంత్రుల సమావేశంలో కుదిరిన ‘పీస్ క్లాజ్’. శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఇలాంటి ఆహార నిల్వల కార్యక్రమాలపై ఫిర్యాదు చేయబోమని సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. అయితే ఆ పరిష్కారానికి 2017 గడువు పెట్టడంతో, అప్పటికి అది దొరక్కపోతే ఈ రక్షణ ఏమవుతుందన్న సందేహం మిగిలింది. ప్రతిగా సంపన్న దేశాలకు కావలసిన, కస్టమ్స్ లాంఛనాలను తేలిక చేసే వాణిజ్య సౌలభ్య ఒప్పందానికి మనం సరేనన్నాం. 2014 జులైలో ఆ ఒప్పందానికి తుది ఆమోదం పడాల్సిన సమయంలో, అధికారంలోకి వచ్చి రెండు నెలలు దాటిన కొత్త ప్రభుత్వం అడ్డం తిరిగింది. ఆ నిర్ణయం తీసుకున్న వాణిజ్య శాఖకు అప్పటి మంత్రి నిర్మలా సీతారామన్, ఆ నెలకు కొంచెం ముందే ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికయ్యారు. ఒక్క దేశం ప్రపంచాన్ని ఆపుతోందని అమెరికా, యూరప్ మండిపడ్డాయి, సంస్థ ప్రతిష్ఠకు భంగమని హితబోధలు చేశాయి. నవంబరులో అమెరికాతో అవగాహన కుదిరి, నవంబరు 27న జనరల్ కౌన్సిల్ స్పష్టం చేసింది: శాశ్వత పరిష్కారం వచ్చేదాకా, ఎన్నేళ్లయినా, ఆ రక్షణ కొనసాగుతుంది. పరిమితి దాటినట్టు చెప్పుకుంటూ భారత్ 2020లో తొలిసారి ఆ క్లాజును వాడుకుంది.

ఆ రోజున ఓటింగు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. బియ్యం ఎగుమతి చేసే వర్ధమాన దేశాలకే మన నిల్వల మీద అనుమానాలు ఉన్నాయి. రొయ్యల బాండు కేసులో మనతో పాటు పోరాడిన థాయిలాండే, 2024 ఫిబ్రవరిలో అబుధాబి మంత్రుల సమావేశంలో, భారత్ సబ్సిడీతో కొన్న బియ్యాన్ని ఎగుమతి మార్కెట్‌లోకి వదులుతోందని ఆరోపించింది, మన ప్రతినిధి బృందం దానికి తీవ్ర నిరసన తెలిపింది. వర్ధమాన దేశాల ఐక్యత అనే మాట వేదికల మీద బాగుంటుంది కానీ, సరుకు మారితే జట్లు మారతాయి. కాబట్టి ఆ సంస్థలో మన వరికి నిజమైన కాపు మన ఒంటరి అభ్యంతరమే.

భారత్ మాట్లాడే తీరులో ఇక్కడే ఒక చిక్కు కనిపిస్తుంది. అప్పిలేట్ బాడీని పునరుద్ధరించాలని ప్రతి వేదిక మీదా గట్టిగా కోరే దేశాల్లో మనం ఒకరం. అదే సమయంలో ఆ కోర్టు లేకపోవడాన్ని వాడుకున్న దేశాల్లోనూ ఒకరం. చెరకుకు మనం ఇచ్చే మద్దతు 10 శాతం పరిమితిని దాటిందని 2021 డిసెంబరులో ప్యానెల్ తీర్పు చెప్పింది. ఫిర్యాదు చేసినవి బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా. దాని మీద మనం అప్పీలు వేశాం. వినేవారు లేని చోట వేసిన అప్పీలు తేలదు, తేలేదాకా తీర్పు అమలుకు రాదు. ఐటీ పరికరాల సుంకాల కేసుల్లోనూ ఇదే చేశాం. దీన్ని జెనీవా వర్గాలు ‘శూన్యంలోకి అప్పీలు’ అంటాయి. నికెల్ ముడిఖనిజం కేసులో ఇండోనేసియా, ఉక్కు సుంకాల కేసుల్లో అమెరికా కూడా ఇదే దారి పట్టాయి. ఇందులో మనం సిగ్గుపడాల్సింది పెద్దగా లేదని నేననుకుంటాను, ఉన్న దారిని వాడుకోవడం న్యాయవాది చేసే పనే. ఆ దారి మన మీదికి కూడా తెరుచుకుని ఉంటుందన్న సంగతి మాత్రం మరచిపోకూడదు.

యూరోపియన్ యూనియన్, చైనా, కెనడా, బ్రెజిల్ వంటి దేశాలు 2020లో తమలో తాము ఒక మధ్యంతర అప్పీలు ఏర్పాటు చేసుకున్నాయి. తరువాత జపాన్, 2025లో బ్రిటన్ అందులో చేరాయి. భారత్ చేరలేదు. అసలు కోర్టే కావాలి, దాని నీడ వద్దన్నది మన అధికారిక వైఖరి. చేరితే చెరకు మద్దతు వంటి కేసుల్లో తప్పించుకునే దారి మూసుకుపోతుందన్నది పైకి చెప్పని కారణమని నా అంచనా. ఏదేమైనా అమెరికా అందులో లేదు కాబట్టి, చేరినా రొయ్యకు ఒరిగేది ఏమీ ఉండదు.

రొయ్యకు ఇప్పుడున్న దారి బేరం ఒక్కటే. 2023 జూన్‌లో భారత్, అమెరికా తమ మధ్య నడుస్తున్న ఆరు వివాదాలను జెనీవాతో పని లేకుండా మాట్లాడుకుని ముగించాయి, సెప్టెంబరులో ఏడోది కూడా ముగిసింది. స్నేహం బాగున్నప్పుడు ఈ పద్ధతి కోర్టు కంటే వేగంగా పనిచేస్తుంది. బాగా లేనప్పుడు ఏమవుతుందో 2025 ఆగస్టులో చూశాం. 7వ తేదీన 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో 27వ తేదీన మరో 25 శాతం మన సరుకుల మీద పడ్డాయి. రొయ్యలకు అంతకు ముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకాలు, సబ్సిడీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు దీనికి అదనం. దేశంలో సాగయ్యే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది, ఆ రొయ్యకు అతి పెద్ద మార్కెట్ అమెరికాది. ఒక సభ్యదేశానికి ఇచ్చిన రాయితీ అందరికీ ఇవ్వాలనీ, కట్టుబడిన పరిమితికి మించి సుంకం వేయకూడదనీ గాట్ మొదటి రెండు అధికరణాలు చెబుతాయి. 2008లో బాండు షరతును కొట్టేయించిన ఫిర్యాదుతో పోలిస్తే ఇది చాలా తేలికైన కేసు. బ్రెజిల్ తన మీద పడిన సుంకాలపై ఆ ఆగస్టులోనే సంప్రదింపులు కోరింది కూడా. ఫిర్యాదు చేసిన దేశం గెలిస్తే అమెరికా శూన్యంలోకి అప్పీలు వేస్తుంది, అక్కడితో కాగితం ఆగిపోతుంది. పనిచేసిన రోజుల్లోనూ ఈ కోర్టు చేతిలో లాఠీ లేదు. ఆంటిగ్వా అనే చిన్న ద్వీపదేశం ఆన్‌లైన్ జూదం కేసులో అమెరికా మీద గెలిచి కూడా ఫలితం దక్కించుకోలేకపోయింది. అయినా పరాయి దేశపు కస్టమ్స్ శాఖ చేత షరతును వెనక్కి తీయించిన చరిత్ర దానికి ఉంది. ఆ పని చేయించడానికి నాడు మనం చమురు ఎక్కడ కొంటున్నామో ఎవరూ అడగలేదు.

బాలిలో మాట ఇచ్చిన శాశ్వత పరిష్కారం 2017లో బ్యూనస్ ఎయిర్స్ సమావేశానికల్లా రావాలి. అక్కడ అమెరికా ఒప్పుకోలేదు, ఏకాభిప్రాయం కుదరలేదు. అబుధాబిలోనూ కుదరలేదు. పాత ప్రామాణిక ధరను మార్చాలన్నా, వరికి ఉన్న తాత్కాలిక రక్షణను శాశ్వతం చేయాలన్నా, అక్కడ కూర్చున్న 166 దేశాల్లో ఒక్కటీ కాదనకుండా ఉండాలి. అప్పటిదాకా మన కొనుగోలు కేంద్రాల లెక్క 1986–88 ధరతోనే సాగుతుంది.